తరుగు

ముప్పయ్యేళ్ళు మిల్లులో కాటా గుమస్తాని.
తేడా ఎక్కడొచ్చినా నన్నే పిలుస్తారు.
అందుకే ఇలా తెల్లారీ తెల్లారకుండా
ఆలమూరు కాలవగట్టు మీద
మనవడి స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాను.

సలాది పండుది తెల్లకారు, బావమరిది త్రిమూర్తులుది బూడిద.
పొడుగొకటే, బరువొకటే, డిక్కీలో పట్టే బస్తాలూ ఒకటే.
తెల్లదానికి మాత్రం టర్బో ఉందట.
సున్నా నుంచి వందకి ఎవరిది ముందో తేల్చాలి.
వంద రాగానే హారన్ కొడతారు, నేను నొక్కాలి.
ఆయ్, అన్నాను.

తెల్లది మొదట తటపటాయించింది
ఊబిలోంచి లేచే గేదెలా,
ఆపైన వెనకనించి ఎవరో తోసినట్టు ఒకటే పోత.
హారన్. పదకొండూ రెండు.

బూడిదది క్లచ్చి వదలగానే ఉరికింది,
మూడో గేరులో రొప్పింది,
మలుపు దగ్గర హారన్ మోగింది.
వందకా?
గట్టెక్కుతున్న బాతులకా?

నాలుగొందల బాతులు. వెనక గెడకర్రతో ఒకావిడ.
ఎవరికీ తొందర లేదు.
రబ్బరు కాలిన కంపు నాదాకా వచ్చింది.

ఇంకోసారి పోదామనేసరికి
రోడ్డు సగానికి ధాన్యం పరిచేశారు.

తేల్చండి బాబాయ్, అన్నారు ఇద్దరూ.
తడిగింజకి తరుగు తీసినట్టు
బాతులకింత అని తీసేసి
అర సెకను తేడా, అంతే, అన్నాను.
ఆ అర సెకనుకి పండు
నెలకి మూడువేలు ఎక్కువ కడుతున్నాడు, అయిదేళ్ళు.
ఆ మాట అనలేదు.

ఇద్దరికీ కోపమొచ్చింది. నన్నెక్కించుకోకుండానే పోయారు
ఒకరి వెనక ఒకరు, నలభైలో.

నడుచుకుంటూ ఇంటికొచ్చి జేబులోంచి తీస్తే
వాచీ ఇంకా పరిగెడుతూనే ఉంది.
త్రిమూర్తులు కారుకి
గంటా పది నిమిషాలు,
ఇంకా వంద రాలేదు.