అయిదు మొహాల కాగితం

రా చెప్కెమోయ్, ఆ ప్లాస్టిక్ స్టూలు ఇటు లాక్కో.
ఎడమవైపు కాదు, అది మిషను చెయ్యి.
కుడివైపు కూర్చో.
నాలుగు గంటలు నేనెక్కడికీ పారిపోను.

కాగితం మీద అయిదు మొహాలు గీసుకొచ్చావు,
ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా.
"మా సేవలతో మీకు తృప్తేనా?"
ఏ సేవలు తల్లీ?
సోమవారం పెద్దాసుపత్రివా, గురువారం ఈ అద్దాల మేడవా?

అక్కడికైతే చీకటుండగానే మొదటి మటాటు ఎక్కాలి.
ఎనిమిది మిషన్లు. రెండింటి మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంటుంది,
పోయినవాళ్ల మీద కప్పినట్టు.
ఒక్కోరోజు కుళాయి రాదు.
కిసుములో, కిటికీలోంచి సముద్రమంత సరస్సు కనిపిస్తుంటే,
నీళ్లు లేవు, రేపు రమ్మంటారు.

ఇక్కడ చలిగది. మెత్తటి కుర్చీ. గోడకి టీవీ,
అందులో ఎవరో ఒకరు వంట చేస్తూనే ఉంటారు.
తలుపు దగ్గర అమ్మాయి ముందు కార్డు అడుగుతుంది,
ఆ తర్వాత కులాసా.
పోయిన నెల బీమా డబ్బు పడలేదని
సూది గుచ్చకముందే లేపి పంపేశారు, ఎంతో మర్యాదగా.
అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ గెంటలేదు.
దానికి ఏ మొహం వెయ్యమంటావు?

సిస్టర్ నెకేసా సంగతి రాసుకో.
అక్కడా ఆవిడే, ఇక్కడా ఆవిడే,
పగలు అక్కడ డ్యూటీ, సాయంత్రం ఇక్కడ.
అక్కడ అరుస్తుంది: "అపోండీ, మళ్లీ నీళ్లు తాగావు కదూ, దొంగా!"
అరుస్తూనే ఒక్క పోటులో నరం పట్టేస్తుంది.
ఇక్కడ "మేడమ్" అంటుంది.
మేడమ్ అన్నరోజున రెండు పోట్లు పడతాయి.
నాకా తిట్టే కావాలి.
నీ కాగితంలో దానికి గడి ఉందా?

ఇరవై రెండేళ్లు ఒడ్డున చేపలు తూచాను నేను.
త్రాసు కింద బొటనవేలు ఎలా ఆనించాలో
నాకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలీదు.
ఇప్పుడు నన్నే తూస్తారు, వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి.
రెండున్నర కిలోలు ఎక్కువ. అంతా నీళ్లే.
ఏ రాత్రి ఏ కుండలోంచి దొంగిలించానో
చెప్పేస్తుంది.
నా చేతి కింద పెరిగిన త్రాసు కాదది.

సోమవారం నా పక్క కుర్చీ గురించి అడగవేం?
ఓగుటు అని ఒక కుర్రాడు, బోడాబోడా నడిపేవాడు.
మందు ఊరకే, దారి ఊరకే కాదుగా.
బండి అమ్ముకుని కొన్నాళ్లు వచ్చాడు.
అమ్మడానికింకేం మిగల్లేదని తర్వాత రాలేదు.
మరుసటి వారం అదే కుర్చీలో ఎవరో టీచరమ్మ,
ఏడాదిగా వరసలో ఉందట.
కుర్చీ దొరికిందని ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంటుంటే
నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.
ఆవిడ తృప్తి కూడా రాసుకో. అబద్ధం కాదది.

ఆఖరి ప్రశ్న మళ్లీ చదువు.
"మీ బంధుమిత్రులకు ఈ కేంద్రాన్ని సిఫారసు చేస్తారా?"
నవ్వించకు, గొట్టాలు కదుల్తాయి.
పగవాడికి కూడా వద్దు...
ఆగు, మా ఆడబిడ్డ ఒకతి ఉంది. ఆలోచించి చెప్తాను.

తృప్తంటే నాకు తెలిసిందొకటే.
మిట్టమధ్యాహ్నం తిలాపియా బుట్టలు దింపేసి,
మోకాటిదాకా సరస్సులోకి దిగి,
దోసిళ్లతో తాగడం.
గడ్డం మీంచి జారి రవికె తడుస్తున్నా
పట్టనట్టు తాగడం.
ఇప్పుడు రోజుకి రెండు గ్లాసులు.
మరీ తట్టుకోలేనప్పుడు ఒక మంచుముక్క
నాలుక కింద దాచుకుంటాను,
మాట్లాడితే కరిగిపోతుందని ఎవరితోనూ మాట్లాడను.

ఇందాకట్నుంచీ చూస్తున్నాను,
సంచీలోంచి సీసా తీస్తావు,
నన్ను చూసి మళ్లీ లోపల పెట్టేస్తావు.
ఎండన పడి వచ్చావు, పెదాలు చూసుకో ఎలా ఉన్నాయో.
తాగమ్మా.
గోడవైపు తిరక్కు, ఇటు తిరిగే తాగు.
గుటక దిగడం చూడనీ.

తర్వాత నీకు తోచిన మొహం మీద
టిక్కు పెట్టుకో.