నూనె మీద రంగు పట్టదు

వేట నిషేధం ఇంకా తొమ్మిది రోజులుంది.
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ వెనక
ఒడ్డెక్కించిన బోటు, దానికి ఆనించిన నిచ్చెన,
నిచ్చెన మీద నేను,
చేతిలో నీలం ఎనామిల్ డబ్బా.
పేరు రాయాలి.
ఏ పేరన్నదే
ముగ్గురు వాటాదార్లకీ తెగలేదు.

ఫిలోమినమ్మ జ్ఞానాపురం నుంచి గొడుగేసుకుని వచ్చింది.
"మెస్సీయ అని రాయి నాయనా.
వచ్చినోడు, చచ్చి మూడోనాడు లేచినోడు,
తెల్లారగట్ల ఒడ్డున నిప్పులేసి, చేపలు కాల్చి
రాత్రంతా వలలాగి ఉత్తచేతుల్తో వచ్చినోళ్లని
తినడానికి రండ్రా అని పిలిచినోడు.
బోటుకి ఇంకెవరి పేరు పెడతాం?"
ఆవిడ అల్లుడు, అల్లిపురంలో ఉపవాస ప్రార్థనలు చేయిస్తాడు,
"రేపోమాపో మేఘాల మీద దిగిపోతాడు,
ఖరీదు రంగెందుకు, మామూల్ది చాలు" అన్నాడు.
అయితే నా కూలి ఇవాళే ఇచ్చీయమన్నాను.

"మసీహ్ అన్నది మా మాట కూడా"
కోటవీధి నూరుద్దీన్ సాయిబు గొంతు పెంచడు.
"మరియమ్మ కొడుకే. అల్లా కొడుకు మాత్రం కాదు.
సిలువ మీద చావలేదు, పైకి తీసేసుకున్నాడు.
మళ్లీ దిగుతాడు, దిమిష్క్‌లో, తెల్ల మీనారు దగ్గర.
తల వంచితే జుట్టులోంచి చుక్కలు రాలతాయంట,
అప్పుడే నీళ్లలోంచి లేచినట్టు."
ఐసు పట్టుకున్న చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.
నాకేమో ఆ చుక్కలతో
జాలారిపేట కుర్రోడెవడో అలలోంచి నడిచొస్తున్నట్టే కనిపించింది.
తప్పో ఏమో, పైకి అనలేదు.

ఎల్లాజీకి నవ్వు.
"ఒక్కసారే వస్తాడనీసి ఎవుడు సెప్పాడు?
మొదట సేపయ్యి వొచ్చాడు. వలేసినోళ్లం, మాకు తెల్దా?
ఆకర్న తెల్ల గుర్రం ఎక్కొస్తాడంట,
గుర్రం కెరటాల మీద నడవదు గావాల,
మనకాడికి ఆలీసెం అవుద్ది.
మా అప్పన్నని సూడు, సింహాచలంలో.
ఏడాదంతా గంధం కిందే.
నిజరూపం ఒక్క దినమే.
పదకొండు గంటలు లైన్లో నిలబడ్డాను,
సూసీలోగా ఎనకనించి తోసీసినారు.
సూసినానో లేదో ఇప్పటికీ తెల్దు."

సుద్దముక్కతో 'మ' అని గీసి ఆగాను.
మెస్సీయకీ మసీహ్‌కీ మత్స్యానికీ
అంతవరకూ తగువు లేదు.
ఎత్వం దగ్గరే చెయ్యి నిలిచిపోయింది.

ఇంజను చూడ్డానికొచ్చిన సర్వేయరు
ఇదంతా విని కింద నుంచి పలికాడు.
ఎలియాజర్ పెణ్‌కర్, కొంకణం మనిషి, తెలుగు తడుముకుంటాడు.
శనివారం పిలిస్తే రాడు.
వాళ్ల తాతలు గానుగాడేవారట, శనివారం ఎద్దుకీ సెలవేనట.
"ఆ మాట మా ఇంట్లోది.
నూనె రాయించుకున్నవాడు, అంతే దాని అర్థం.
ఇంకా రాలేదు."
వస్తే ఎలా తెలుస్తుందన్నాను.
"యుద్ధాలు ఉండవు" అన్నాడు.
డాల్ఫిన్స్ నోస్ కింద నుంచి
బూడిదరంగు నేవీ ఓడ ఒకటి బయటికి పోతోంది.
అందరం దాన్నే చూశాం.
ఫిలోమినమ్మ కూడా ఏమీ అనలేదు.

రాయడమంటే నాకు ఇన్నాళ్లూ బ్రష్షే.

ఎల్లాజీ తల్లి పోలమ్మ
ఎప్పుడొచ్చిందో, ఎవరినీ అడగలేదు.
కొడుకుల్లో పెద్దోడు తుఫాన్లో పోయాడు, శవం దొరకలేదు.
ఇప్పటికీ ఏ బోటు తిరిగొచ్చినా
ముందు మనుషుల్ని లెక్కపెడుతుంది, తర్వాతే చేపలు.
గిన్నెలో నూనె, పసుపు.
బోటు ముక్కుకి అరచేత్తో,
పసిపిల్లాడి మాడుకి మర్దించినట్టు,
నా 'మ' మీంచే రుద్దుకుంటూ పోయింది.
అక్షరం ముక్క రానిది.
రాసీసి, గిన్నె కడుక్కుని ఇంటికెళ్లిపోయింది.

ముగ్గురూ నాకేసి చూశారు.
డబ్బాకి మూత పెట్టాను.
నూనె మీద రంగు పట్టదు.
ఆరేదాకా
ఆగాలి.