గాలి తీసుడు

మర్రిగూడ చౌరస్త దాటినంక రేకుల షెడ్డు.
పికప్ చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టి
మూడో రాయి వెతుకుతున్నడు బురాన్‌సాబ్.
"గేరుల ఉన్నది గద" అన్న.
"డిండి కాడ గూడ ఉండె" అన్నడు.

ఉన్న నూనె సాలదని
రూప్లా మణికట్టుకు పట్టీ కట్టుకొని
మల్లేపల్లి పోయిండు.
తొక్కెటందుకు ఇంకో మనిషి కావాలె.
"సాల్కీ, నువ్వెక్కు."

ఎక్కిన.
ఇన్నేండ్లల్ల ఆ సీట్ల కూసునుడు ఇదే మొదలు.

మొన్న డిండి దిగుడుల
బత్తాయి లోడు ఎనుకనుంచి నెడుతుంటె
మా తమ్ముని కాలు పోయి నేలకు తాకింది.
పెడలు, నానిన రొట్టె.
గొర్లు అడ్డమొచ్చినయి.
నేను పక్క సీట్ల కూసోని
లేని బ్రేకును రెండు కాళ్లతోటి తొక్కిన.
పిక్కలు ఇంక నొస్తున్నయి.
మమ్ముల ఆపింది మొరం కుప్ప.
ఎవలతోని అనలే గని
ఆ ఆగుడుల కొంచెం నాదే అనిపిస్తది.

బురాన్‌సాబ్ మెడ తిరగది.
చిన్నప్పుడు తాగిన బోరునీళ్లు
బొక్కలల్ల రాయై కూసున్నయి.
నిలవడితె సగమే నిలవడ్తడు.
చాప పరిచి బండి కింద పండుకున్నడా,
ఇగ ఆయనంత మనిషి లేడు.
పైకి చూసుడొక్కటే ఆ మెడకొచ్చు.

చెవులు గూడ మందం. అందుకే
పానతోటి చాసిస్ మీద కొడ్తడు.
ఒక్క దెబ్బ, తొక్కు.
రెండు, పట్టుకో.
మూడు, ఇడువు.

అన్నిటికంటె దూరమున్నది ముందు, ఎడమ ఎనుక చక్రం.
టక్. తొక్కిన.
టక్. తొక్కిన.
టక్ టక్. పట్టుకున్న.
కింద నిప్పులు తిరిగినట్టుంది,
నా కాలికింద ఏదో జారి నేలకు దిగింది,
అచ్చం డిండి కాడ దిగినట్టే.
పానం అక్కడికే పోయింది.
ఇడిస్తె బయటిగాలి మల్ల లోపటికొస్తది.
పట్టుకున్న.
ఎంతసేపో.
టక్ టక్ టక్.

సీసల ముంచిన సన్న పైపుల
చాయ్ డికాషన్ రంగు నూనె,
దానెంట బుడగలు, బుడగలెంట బుడగలు.
"నూనె నలగదు బిడ్డా, గాలి నలుగుతది.
నువ్వెంత తొక్కినా మింగి ఊకుంటది,
చక్రానికి చెప్పది."

చక్రం చక్రానికి దిగి బానెట్ల నూనె పోసిన.
ఒకపారి డబ్బా తొణికి తలుపుమీద పడ్డది.
కొంగుతోని తుడిచేలోపల్నే రంగు లేసింది.
రూప్లా రాయించుకున్న "సేవాలాల్ కృప"ల
"కృ" మిగిలింది.

నాలుగో చక్రం కాడ పొద్దు వాలింది.
బుడగ రాలే.
రాలే.
ఆఖర్న ఒకటొచ్చింది, గసగసాలంత.
"ఎక్కడ దాసుకున్నవే ఇన్నొద్దులు"
అని దాన్నే తిట్టిండు.

అప్పుడు తొక్కితె
సగం కాడ్నే ఆగింది. రాయి.
కాలెత్తి మల్ల తొక్కిన. రాయి.
"గట్టివడ్డదా?" అని కింద నుంచి కేక.
అయిందంటె ఇనవడలే, హారన్ కొట్టిన.
నవ్వుకుంట అన్నడు,
"మరి నా మోకాళ్లల్ల ఇంత గాలి ఎవడు ఎక్కిస్తడు?"

చాప కొసవట్టి ఆయనను బయటికి గుంజిన.
రాళ్లు తీసి
మొదటి గేరుల పది గజాలు తోలి తొక్కిన.
బండి ముక్కు వంచి నిలవడ్డది.
సీటు కింద నుంచి
మొన్నటి లోడుల తప్పిపోయిన బత్తాయొకటి
దొర్లుకుంట వచ్చి నా మడమకు తాకింది.
పెడలు కిందికి పోతదేమోనని గబుక్కున తీసిన.
ఒక దిక్కు మెత్తవడ్డది. వాసన పోలే.

బురాన్‌సాబ్ వేళ్లు వంగవు, నేనే ఒలిసిన.
నా చేతుల నూనెవాసన తొనలకెక్కింది.
ఏమనకుంట తిన్నడు.
గింజలు మొరంల ఊంచి,
"దిగుడు కాడ
పక్క సీటోళ్లు గూడ తొక్కుతరు, తెల్సా?" అన్నడు.
నేను చేతులు తుడుసుకున్న.

రేపు రూప్లానే తోలుతడు.
నేను మల్ల పక్కకే.
కాలు ఊకుంటదో లేదో.