తొమ్మిదో ఓటమి తర్వాత

ఎగ్మూరు స్టేడియం తూర్పు గేటు దగ్గర నా బల్ల.
బల్ల మీద రంపం, జిగురు, సైకిలు ట్యూబు ముక్కలు.
హాకీ కర్రలకు గ్రిప్పులు చుడతాను.
ఇరవై మూడేళ్ళుగా అదే పని.

ఇవాళా ఓడిపోయాం. నాలుగు–ఒకటి.
సీజన్లో ఇది తొమ్మిదోది.
టర్ఫు మీద చల్లిన నీళ్ళింకా ఆరనే లేదు,
ముగ్గురూ తగాదా పడుతూనే మెట్లు దిగొచ్చారు,
జిగురు డబ్బా పక్కకి జరిపి
టీ గ్లాసులు నా బల్ల మీదే పెట్టారు.

"కుర్రాళ్ళని దింపాలయ్యా!" అన్నాడు వరదరాజులు.
పెరంబూరు వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి,
ఏది ఆగిపోయినా ఓ సామాను మార్చేస్తే సరనుకుంటాడు.
"ముప్పై నాలుగేళ్ళ సెంటర్ హాఫ్!
వెనక్కి తిరగాలంటే లారీకి కావలసినంత జాగా కావాలి వాడికి.
ఎలాగూ ఓడుతున్నాం,
ఆ కోవిల్‌పట్టి కుర్రాడితో ఓడితే ఏం పోయింది?"

డెస్మండ్ టీలో ముంచిన బిస్కెట్టు మరిచిపోయాడు,
అది విరిగి మునిగిపోయింది.
బిట్రగుంట రైల్వే కాలనీలో నేర్చిన తెలుగు అతనిది,
కోపమొస్తే నెల్లూరు పైకొస్తుంది.
"ఏంది పోయేది? పిల్లోడు పోతాడు!
పదిహేడేళ్ళోడు ఐదు గోల్స్ నెత్తినేసుకుని పోతే
ఆ రాత్రి వాడి పక్కన ఎవురు పడుకుంటారు, నువ్వా?
పిందెల్ని ఊపి రాల్చేది మీరే,
చెట్టు కాయలేదనేదీ మీరే."

జయసులోచన ఇద్దరినీ విన్నది.
చూళై కార్పొరేషన్ బడిలో పీటీ టీచరు,
నలభై మంది పిల్లలకి నాలుగు కర్రలు.
"కోత గురించి కొట్లాడుకుంటున్నారు మీరు,
నారుమడి ఎక్కడుందో చెప్పండి ముందు.
మా గ్రౌండులో ఇప్పుడు కార్లు నిలబెడుతున్నారు."
దానికెవరూ జవాబివ్వలేదు.
మళ్ళీ సెంటర్ హాఫ్ దగ్గరికే వెళ్ళారు.

వాళ్ళు మాట్లాడుతున్న కుర్రాడి కర్ర
అప్పుడు నా ఒళ్ళోనే ఉంది.
పాత గ్రిప్పు విప్పుతున్నాను.
రివర్స్ అంచున పెచ్చు లేచి లోపలి నార కనిపిస్తోంది.
టర్ఫు మీద అరిగింది కాదు, సిమెంటు మీద అరిగింది.
హాస్టలు వెనక, లైట్లార్పేశాక
ఎడమ పక్క బంతినే కొట్టి, కొట్టి.
ఎవరో పెద్దవాడు వాడి వదిలేసిన కర్ర,
పేరు బ్లేడుతో గీకారు గాని చివరి రెండక్షరాలు పోలేదు.
వీడికి ఒకటిన్నర అంగుళం పొడుగు.
అందుకే కుడి భుజం ఎత్తి పరిగెడతాడు,
గ్యాలరీలో దాన్ని స్టయిలంటారు.

నన్ను దింపినప్పుడు నాకూ పదిహేడే.
సూది వేసి ఆరు మ్యాచులు ఆడించారు.
మూడో మెట్టు మీంచి వరదరాజులు ఈల వేసేవాడు,
ఆయనకు గుర్తు లేదు.
దింపకపోతే బాగుండేదని మోకాలు అంటుంది.
నేననలేను.
ఇప్పటికీ కొన్ని రాత్రులు
ఆ ఆరింట్లోనే ఏదో ఒకటి ఆడుతుంటాను.

"నువ్వు చెప్పవోయ్ ఏకాంబరం, దింపాలా, ఆపాలా?"

రంపం అందుకుని కర్ర పైకొసన పెన్సిలు గీత గీశాను.
"పిల్లాడింకా ఎదుగుతున్నాడు కదా,"
అంది జయసులోచన, నా చేతికేసి చూస్తూ.
నిజమే. కోసిన ముక్క మళ్ళీ అతకదు.
ఆర్నెల్లాగితే ఈ పొడుగే వాడికి సరిపోవచ్చు.
ఆదివారం మ్యాచుకైతే సరిపోదు.

అప్పుడే వచ్చాడు, తల తడిగా, సంచీ భుజాన.
ఇవాళ ఒక్క నిమిషం కూడా ఆడలేదు,
అయినా స్నానం చేశాడు.
ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు.
డెస్మండ్ మిగిలిన బిస్కెట్లు అతని వైపు తోశాడు.

"నిలబడు," అన్నాను.
కర్ర నడుం పక్కన ఆనించి కొలిచాను.
వాడు ఎదురుగా ఎక్కడో చూస్తూ
మడమలు కాస్త పైకి లేపాడు.

చూడనట్టే
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను.