మేక తిన్న నోటీసు

మైదా జావ మా ఆవిడే కాస్తుంది పొద్దున్నే,
చారు కాగే పొయ్యి పక్క పొయ్యి మీద.
ఇంటికొకటి, కచేరీకొకటి
గరిటెలు వేరు చేసింది, ఒకసారి పొరపాటున
నా కంచంలో మునిసిపాలిటీ పడ్డాక.

పర్లాకిమిడి, మేదర వీధి.
సైకిల్ హ్యాండిల్‌కి జావ డబ్బా,
చంకలో నలభై ఒక్క కాగితాలు.
కాలువ మీద లేచిన ప్రతి అరుగుకీ ఒకటి,
ప్రతి మెట్టుకీ, ప్రతి బడ్డీకీ.
ఏడు రోజుల గడువు. తర్వాత జరిమానా. తర్వాత గునపం.

కాగితం ఒడియాలో ఉంటుంది,
తలమీద గొడుగులేసుకున్న గుండ్రటి అక్షరాలు,
ఏ వానకీ తడవనట్టు.
వీధి తెలుగులో ఉంటుంది.
మధ్యలో నేను.
కాగితం అక్కడ కోప్పడుతుంది,
నేనిక్కడ బతిమాలుతాను.
"దండనీయ అపరాధ" అన్నచోట
"అమ్మా, కాస్త చూసుకో" అని చదువుతాను.
పాతికేళ్ళుగా ఇదే నా తర్జుమా.
ఎవరూ తప్పు పట్టలేదు,
ఎవరూ అరుగు తియ్యనూ లేదు.

కింతలి సుందరమ్మ అరుగు మీద
పొద్దున ఇడ్లీ పొగ, మధ్యాహ్నం పేకాట,
రాత్రి ఇద్దరు రిక్షావాళ్ళ నిద్ర.
"ఒరే లోకనాథం, ఈ బండ మా మావ ఏయించినాడు.
అప్పటికి నీ మునిసిపాల్టీకి మూతిమీద మీసం మొలవనేదు."
అని, రెండు ఇడ్లీలు పెట్టింది.
తిని, అంటించాను.
అటు తిరిగి సైకిలెక్కేలోపు
పక్కింటి నల్లమేక మైదా వాసనకొచ్చి
ప్రభుత్వాన్ని కింది నుంచి పైకి నమిలేసింది,
సంతకం, ముద్ర, గడువు, అన్నీ.

హెడ్‌క్లర్కు పాత్రో బాబు కళ్ళద్దాలు తీసి ఆలోచించాడు:
మేక తిన్న నోటీసు అందినట్టా, అందనట్టా?
రూల్సు పుస్తకంలో మేక లేదు.
"మళ్ళీ అంటించు. ఈసారి ఎత్తుగా."

ఎత్తుగా అంటిస్తే చదివేవాడు లేడు.
ఆటోకి మైకు కట్టి చెప్పించాం.
బడిపిల్లల చేత ఊరేగింపు తీయించాం.
శుభ్రంగా ఉన్న వీధికి బహుమతిగా
పెద్ద ఆకుపచ్చ చెత్తబుట్ట ఇచ్చాం.
ఇప్పుడందులో కోడి పొదుగుతోంది.

ఆషాఢంలో ఒక రాత్రి.
మహేంద్రతనయ పొంగలేదు, వాన కూడా పెద్దదేం కాదు.
అయినా వీధి చివర పల్లంలో
బురిడి కామయ్య గదిలోకి నీరొచ్చి
మంచం కోళ్ళ దాకా నిలబడింది.
చీకట్లో తోడిపోస్తూ అతను ఎవర్నీ తిట్టలేదు.
చెంబులు లెక్కపెడుతున్నాడు.
నూట ముప్పై దాకా విన్నాను.
నీరు కాలువ వదిలి వీధికెక్కిన చోటు ఏదో
టార్చి లైటుతో వెతుక్కుంటూ పైకి నడిచాను.

మా ఇంటి మెట్టు.

పాతికేళ్ళలో అంటించిన కాగితాల్లో
నా పేరున ఒక్కటీ లేదు.
పంచేవాడి ఇల్లు ఎవరికి గుర్తుంటుంది?

తెల్లారి గునపం తెచ్చాను.
మా ఆవిడ గరిటెతో గుమ్మంలో నిలబడి
"నేనెలా దిగాలి?" అంది.
"దూకు" అన్నాను.
ఆ మాటకి రెండు రోజులు కూర లేదు.

చప్పుడుకి వీధంతా బయటికొచ్చింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.
బండ లేపితే కింద
ఒంటి చెప్పు, ఇడ్లీ ఆకులు, పాలిథిన్ ముద్ద,
సగం నమిలిన ఒడియా అక్షరం ఒకటి,
గొడుగుతో సహా.

సుందరమ్మ చాలాసేపు చూసింది.
గునపం అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు.
అరుగు మీది పొయ్యి ఎత్తి
గుమ్మం లోపల పెట్టుకుంది. అంతే.
మధ్యాహ్నం పేకాటవాళ్ళొచ్చి
కూర్చోబోయి, ఎందుకో, కాసేపు నిలబడ్డారు.

బండ అలాగే ఉంది. ఇంకా నలభై ఉన్నాయి.
ఇవాళ మా ఆవిడ జావలో
గుప్పెడు కారం కలిపింది.
"మేక కోసం" అంది,
నాకేసి చూస్తూ.