అంటు

రాత్రి రెండు దాటింది.
పెద్దాసుపత్రి ల్యాబులో ఫ్యాను
తన చప్పుడు తనే వింటూ తిరుగుతోంది.
సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క మూత్రం.
పేరు పలపర్తి ఏసోబు. వయసు నలభై నాలుగు.
పని: మున్సిపాలిటీ కాలవలు, కాంట్రాక్టు మీద.
జ్వరం తొమ్మిదో రోజు. కళ్ళు పసుపుకొమ్ములు.

చాలాసేపు ఏమీ లేదు, నల్లటి ఖాళీ.
తర్వాత ఒక మూల
వెండి జరీపోగు తెగి పడ్డట్టు
ఏదో మెలి తిరిగింది.
రెండు కొసలా కొక్కేలు.

పదహారేళ్ళుగా వీటిని వెతుకుతున్నాను.
కాళ్ళు లేవు, చేతులు లేవు, పళ్ళు లేవు.
ఉన్నదల్లా ఒంటినిండా పట్టు.
మన కణానికీ కణానికీ మధ్య
ఇటుకల నడుమ అడుసులా ఒక జిగురుంటుంది.
ఇది మనిషిని పట్టుకోదు, ఆ జిగురుని పట్టుకుంటుంది.
మనల్ని విడిపోకుండా ఉంచేదాన్నే
గుమ్మంమెట్టు చేసుకుంటుంది.

దీని దాయాది ఒకటుంది చలిదేశాల అడవుల్లో,
లేళ్ళ చెవుల్లో దాక్కునే గోమారి నోట్లో ఎక్కి తిరిగేది.
దాని సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.
నెత్తురు పారే గొట్టంలో
గోడని కరుచుకుని ఉంటుందట.
వడి పెరిగితే ఏదైనా కొట్టుకుపోవాలి కదా?
అది పోదు.
లాగేకొద్దీ ముడి బిగుస్తుందట.
ఒకచోట వదిలేలోపు ఇంకోచోట అంటుకుంటూ
గోడ వెంటే పాకి సందు వెతుక్కుంటుందట.

అలాంటి పట్టు నేనొకసారి కళ్ళారా చూశాను.
బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చిన ఆదివారం,
మా మేడ మీంచి.
కరెంటు స్తంభానికీ ఎదురింటి మెట్లకీ మధ్య తాడు,
ఛాతీలోతు నీళ్ళలో ఆ తాడు పట్టుకుని ఒక మనిషి.
పాల ప్యాకెట్లు, ఒక ముసలామె, రెండు మేకలు,
మళ్ళీ పాల ప్యాకెట్లు.
నీళ్ళు ఎంత లాగితే అంత బిగించాడు.
పొద్దుగూకేసరికి అరచేతుల్లో తోలు లేదు.

అతనే ఇతనో, కాదో.
ఆ వారం తాడు పట్టని చెయ్యి ఆ పేటలో లేదు.
ఎలకలు తిరిగిన నీళ్ళలో
తోలు లేని చోటు కోసం ఇది ఈదుకుంటూ వచ్చింది.
వదలకుండా పట్టుకున్నందుకు పడ్డ గాయంలోంచే
వదలకుండా పట్టుకునేది లోపలికి వెళ్ళింది.

బయట బెంచీ మీద అతని భార్య కరుణమ్మ.
సత్యనారాయణపురంలో నాలుగిళ్ళ అంట్లు తోముతుంది.
ఆ నాలుగిళ్ళలోనూ తన కాఫీకి
పెరటి గూట్లో వేరే గ్లాసు.
అంటు అన్న మాటకి ఎన్ని అర్థాలో
నాకంటే ఆమెకే తెలుసు.

లోపలికి రానివ్వకూడదు. రమ్మన్నాను.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"ఇదా? మా ఆయన కాలవలో చెత్త లాగే కొక్కెంలాగుంది."
కాసేపాగి, "ఎక్కడ అంటుకుంది?"
మూత్రపిండాల్లో అన్నాను.
"ఎన్నాళ్ళయింది?"
చెప్పాను.
నాతో కాదు, తనతో తను అనుకున్నట్టు అంది:
"గిన్నెకంటింది ఆ పూటే అయితే ఉత్తి నీళ్ళకే పోద్ది.
ఆరనిస్తేనే గోకాల.
గోకితే గిన్నె కూడా గీసుకుపోద్ది."

పై అంతస్తులో అతనికి పెన్సిలిన్
బొట్టు బొట్టుగా దిగుతోంది.
నా రిజిస్టరులో పట్టేది ఒక్క మాటే,
కనబడింది, లేదా కనబడలేదు.
రాశాను.
తల ఎత్తేసరికి
కరుణమ్మ గడప దగ్గర ఆగి ఉంది.
కిటికీలో నేను తాగి వదిలేసిన టీ గ్లాసు
ఎవరూ చెప్పకుండానే తీసి
కుళాయి కింద పెట్టి, నిండా నీళ్ళు పట్టి
అలాగే వదిలి వెళ్ళింది.