ఆరో అంకె

తునికాకు తడిబట్టల చుట్టిపెట్టిన పొద్దు.
కోరుట్ల రోడ్డు మీద కుక్క గూడ లేదు.
కార్ఖానకు తాళం.
చాటల మిగిలిన పిడికెడు తంబాకు,
ఊరికె కూసోలేక చుడుతున్న.

అప్పుడు మోగింది ఫోను.
నాది కాదది, బిడ్డ ఆన్‌లైన్ క్లాసుది,
రెండు నెలల బీడీల పైసలు పోసి కొన్నది.
నా పేరు నాకన్న మంచిగ పలికిండు:
"కొక్కుల సులోచన గారేనా అండి?"
గారు. అండి.
నలభై ఏండ్లల నన్నెవలు గారు అనలే.
టేకేదారు 'ఏ సులోచన' అంటడు,
రేషన్ డీలరు కార్డు నంబరుతోటి పిలుస్తడు.

"లాక్‌డౌన్ సాయం వచ్చిందమ్మా, పదిహేను వేలు.
సాయంత్రంలోపు తీసుకోకపోతే వెనక్కి పోతాయి.
మీ ఫోనుకు ఆరంకెల నంబరొచ్చింది,
అది చెప్పండి చాలు."

నేను చదువుకోలె. అంకెలొస్తయి.
ఇరువై అయిదుకు ఒక కట్ట,
కండ్లు మూసుకున్నా వేళ్లకు ఎరుకే.

నాలుగు, అన్న.
సున్న.
తొమ్మిది.
ఇంకో తొమ్మిది.
రెండు.
"త్వరగా అమ్మా, టైమైపోతోంది" అన్నడు.

గా మాట కాడ నా వేళ్లు ఆగినయి.

ఇరువై రెండేండ్ల సంది ఇన్న మాటది.
చాటన్ చేసెటోడు గంపల చెయ్యిపెట్టి
"జల్ది, జల్ది, ఎనుక లైనున్నది" అన్ననాడే
వెయ్యి బీడీలల్ల నూరు పక్కకు పోతయి.
జల్ది అన్నోడు సూడనియ్యడు.
సూడనియ్యనోడు ఎత్తుకపోతడు.
గిది నాకు ఏ పోలీసాయన చెప్పలే,
నా నడుము నొప్పి చెప్పింది.

గోడకవతల షాహేదా దగ్గుతున్నది.
పోయిన వారం మరిది కోసమని
వాట్సాప్‌ల వచ్చిన నంబరుకు కొట్టింది పద్దెనిమిది వేలు.
సిలిండరు కరీంనగర్ల బండెక్కిందని మెసేజొచ్చింది,
బండి ఫోటో గూడ వచ్చింది.
రాత్రంత గల్లీ మూలకు టార్చి పట్టుకొని నిలవడ్డది.
ఆ సిలిండరు ఇంక తొవ్వలనే ఉంది.
ఆమెను తిక్కది అన్నరు అందరు.
నేను గూడ అన్న.
ఊపిరందని మనిషి ముంగట కూసున్నోళ్లకు
తెలివెక్కడికెల్లి వస్తది?
మనకెంత తెలివున్నదో దొంగకెందుకు,
మన భయం ఏ గంటకు లేస్తదో ఎరుక, గంతే.

"హలో? అమ్మా? చివరి అంకె?"
అద్దం పగిలిన కాడ వెలుగుతున్నదది.
ఏడో, ఒకటో.
"మాస్కు కట్టుకొని బ్యాంకు కాడికి నేనే వస్త కొడుకా,
నీ పేరు జెర చెప్పు" అన్న.

గారు పోయింది. అండి పోయింది.
నా తల్లిని తిట్టిండు.
గప్పుడు నిమ్మళమైంది నాకు,
ఇగ ఇది నాకెరుకైన గొంతే.

బిడ్డ వచ్చి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బంద్ చేయించింది.
"ఎంతున్నయే అమ్మా ఖాతల?"
"నాలుగు వందల అరువై."
నవ్వింది.
నేను నవ్వలే.
రెండువేల మూడు వందల బీడీలవి.

పొద్దుమూకినంక గోడకాడికి పోయిన.
షాహేదా, నాకు గూడ వచ్చింది ఫోను.
అయిదు అంకెలు చెప్పిన.

దగ్గు ఆగింది.
"అయిదా?" అన్నది.

మూతికి కొంగు అడ్డం పెట్టుకొని
గోడకు అటొకలం ఇటొకలం
చానసేపు నిలవడ్డం.